బస్తీ బెల్లం మోసుకుని చెరువు చూడబోయిన స్వరాజ్యం

సారయ్య మీసం సొంతది కాదు. దుకాణం వాళ్ళది. పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు జిగురు రాసి అతికించుకోవాలి, సాయంత్రం దిగేటప్పుడు పీకి డబ్బాలో పెట్టి పోవాలి. తలపాగా వాళ్ళదే, జరీ కోటు వాళ్ళదే, చేతిలో బల్లెం కూడా వాళ్ళదే. పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన ఉన్న ఒక పెళ్ళిచీరల షోరూమ్ తలుపు దగ్గర ఆయన ఏళ్ళ తరబడి సిపాయి వేషంలో నిలబడుతున్నాడు. కారు ఆగితే బల్లెం నేలకు కొట్టి, వంగి సలాం చేసి, అద్దాల తలుపు తీస్తాడు. ఆ మీసం చూసి పిల్లలు జడుసుకుంటారు. మీసం తీసేశాక సారయ్యే పిల్లలను చూసి జడుసుకుంటాడు.

ఈ సంగతి లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆయన భార్య స్వరాజ్యం.

స్వరాజ్యం అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. మైత్రీవనం వెనక సందుల్లో గోడలు కనబడవు, కోచింగ్ బోర్డులే కనబడతాయి. ఆ బోర్డుల వెనక ఎక్కడో ఆ హాస్టల్, హాస్టల్ వెనక ఆమె వంటిల్లు. తండ్రి ఏ గడియలో ఆ పేరు పెట్టాడో గానీ, పొద్దెక్కేదాకా పడుకునే స్వేచ్ఛ మాత్రం ఆమెకు ఒక్కనాడూ దొరకలేదు. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి పొంగి ఆమెకంటే ముందే లేచి కూర్చుంటుంది.

హాస్టల్లో దివ్యశ్రీ అని ఒక పిల్ల ఉంది. సర్కారు కొలువు పరీక్షలకు చదువుతోంది. గదిలో మిగతా వాళ్ళు ఫోన్లు వదలరని పుస్తకం చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చి, బియ్యం బస్తా మీద కూర్చుని గట్టిగా చదువుతుంది. అందువల్ల ఓరుగల్లు కోట ముట్టడి తాలింపు చిటపటల మధ్యే జరిగేది. ఢిల్లీ సైన్యం మట్టికోట దగ్గరికి వచ్చేసరికి పప్పు ఉడికేది. రాతికోట దగ్గరికి వచ్చేసరికి కుక్కర్ కూసేది.

"కోట పడిపోయింది ఆంటీ," అనేది దివ్యశ్రీ పేజీ తిప్పుతూ.

"పడనియ్ గానీ, ముందు గా కొత్తిమీర అందుకో బిడ్డా."

ఇట్లా ఎన్నిసార్లు పడిందో! ఒకనాడు వంకాయలు కోస్తూ కోస్తూ స్వరాజ్యం కత్తి ఆపింది. "గా కోట ఇంకా ఉన్నదా?"

"ఎందుకు లేదు ఆంటీ? బస్సు ఎక్కితే పూటల పోతరు. అట్నుంచి అటే లక్నవరం చెరువు సుత చూడొచ్చు. గది సుత కాకతీయులు తవ్విచ్చిందే. చుట్టూ గుట్టలు, నడుమ నీళ్ళు, నీళ్ళ మీద ఊగే వంతెన."

ఊగే వంతెన. ఆ మాట స్వరాజ్యం చెవిలో పడి అక్కడే కాపురం పెట్టింది.

ఆమె ఊళ్ళు తిరగని మనిషి కాదు. వేములవాడ పోయింది, కొమురవెల్లి పోయింది, యాదగిరిగుట్ట ఎన్నిసార్లు పోయిందో. కానీ వేములవాడ అంటే ఆమెకు గుర్తొచ్చేది మూడు రాళ్ళ పొయ్యి, తడిసిన కట్టెలు, కళ్ళలో పొగ. కొమురవెల్లి అంటే అందరి చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చోవడం. పోయిన ప్రతి చోటా ఎవరో ఒక దేవుడు పిలిచాడు, లేకపోతే ఏదో పెళ్ళి, ఏదో చావు. ఎవరూ పిలవకుండా, ఏ మొక్కూ లేకుండా, ఉత్తగా ఒక చోటు చూద్దామని మొగుడితో కలిసి గడప దాటింది లేదు. వాళ్ళ బస్తీలో ఆ ఆచారమే లేదు. దేవుడు లేని ప్రయాణం అంటే ఉప్పు లేని కూర.

సరిగ్గా అప్పుడే మూఢం వచ్చింది. ముహూర్తాలు బందయ్యాయి. ముహూర్తాలు లేకపోతే పెళ్ళిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు లేకపోతే పెళ్ళిచీరలు లేవు, చీరలు కొనేవాళ్ళు లేకపోతే సిపాయి ఎవరికి సలాం చేస్తాడు? కోట, చెరువు చూద్దామని స్వరాజ్యం పోరితే సారయ్య సెలవు అడిగాడు. మేనేజర్ హనుమత్ప్రసాద్ తల కూడా ఎత్తలేదు.

"ఏంటి సారయ్యా, రెండు రోజులా? సరే వెళ్ళు. మీసం మాత్రం ఇక్కడ పెట్టేసి వెళ్ళు."

ఆ సాయంత్రం మీసం లేని సారయ్య సందు మలుపు తిరిగాడో లేదో చిలకమ్మ పట్టుకుంది. చిలకమ్మ సందు మొదట్లో గడప మీద కూర్చుని మల్లెపూలు గుచ్చుతుంది. చేతులు దారం మీద ఉంటాయి, కళ్ళు సందు మీద ఉంటాయి. ఆమెకు తెలియకుండా ఆ బస్తీలో పిల్లి కూడా ఈనదు.

"ఏం సారయ్యా, సెలవు పెట్టినవంట? యాడికి పోతున్రు?"

"గట్లనే అక్కా... జర ఓరుగల్లు దిక్కు..."

"మూఢంలనా? ఎందుకు?"

ఇక్కడ సారయ్య 'కోట చూడనీకి' అనాల్సింది. నోరు తెరిచాడు కూడా. ఈ వయసులో పెళ్ళాన్ని తీసుకుని షికారుకు పోతున్నానని చిలకమ్మ ముందర చెప్పాలంటే ఆ మీసం ఉండాలి. మీసం డబ్బాలో ఉంది.

"మొక్కు అక్కా. మేడారం మొక్కు. మొక్కుకు మూఢం లేదు గద?"

చిలకమ్మ పూలదండ పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. "సమ్మక్క తల్లీ! చూసినవా, నా మనసుల మాటే. జాతరకు జనం మస్తు వస్తరు, నాతోని గాదు అనుకుంటున్న. నీ చేతుల నా బంగారం పంపిస్త."

సమ్మక్క తల్లి గద్దెలున్న మేడారంలో బంగారం అంటే బెల్లం. ఆ తల్లికి మొక్కుకుంటే బెల్లమే ముట్టజెప్పాలి. చిలకమ్మ నోట పడ్డ మాట సందు చివరికి చేరడానికి ఎంతసేపు? హాస్టల్ పని ముగించుకుని, తానూ రెండు రోజులు సెలవు చెప్పి స్వరాజ్యం ఇంటికొచ్చేసరికి మంచం మీద బెల్లం గుట్ట. ఒకరిది పసుపుగుడ్డలో, ఒకరిది పాత లంగా ముక్కలో, ఒకరిది టిఫిన్ డబ్బాలో. పక్కన దొంగలా నిలబడ్డ సారయ్య.

"ఇదేందయ్యా? బెల్లం దుకాణం పెడ్తున్నవా?"

సారయ్య చెప్పాడు. నేల చూస్తూ, తల గోక్కుంటూ, మొత్తం చెప్పాడు. స్వరాజ్యం చెంగుతో మొహం తుడుచుకుని ఆయననే చూసింది.

"పొద్దంత బల్లెం పట్టుకుని నిలబడ్తవు. పూలు గుచ్చే ఆడమనిషికి భయపడ్తవా?"

"అది ఉత్తుత్తి బల్లెమే గద. రబ్బర్‌ది."

"మరి ఇప్పుడు మేడారం పోతే చెరువు ఎప్పుడు చూస్తం? ఉన్నయే రెండు దినాలు."

"కోట చూద్దాం. చెరువు మళ్ళెప్పుడన్న..."

"మళ్ళెప్పుడో లేదు. పుట్టినకాడ్నుంచి గదే వింటున్న. పొద్దుగాల పోయి ఎవల బెల్లం వాళ్ళకిచ్చి రా."

పొద్దున్నే సారయ్య మూట ఎత్తుకుని బయలుదేరాడు. సందు మొదట్లో చిలకమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. బొట్టు పెట్టింది. మెడలో దండ వేసింది. "నా మోకాళ్ళ నొప్పి సంగతి తల్లికి యాది చెయ్యి," అని ఇంకో బెల్లం ముద్ద చేతిలో పెట్టింది. పోయినప్పటికన్నా బరువెక్కిన మూటతో తిరిగొచ్చాడు సారయ్య.

స్వరాజ్యం మూట వంక ఒకసారి చూసింది. కొత్త చీర కట్టింది, ఇంటికి తాళం వేసింది, ముందు నడిచింది. ఆమె వెనక మూట, మూట కింద సారయ్య.

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో మూట యంత్రంలోంచి పోయింది. సెక్యూరిటీ పిల్లవాడు కళ్ళు చిట్లించాడు. "ఏముందన్నా ఇందుల?"

"బంగారం," అన్నాడు సారయ్య భక్తిగా.

ఆ తర్వాత మూట విప్పి, ఒక్కో గుడ్డ ముడి విప్పి, ఒక్కో ముద్ద చూపించి, మళ్ళీ కట్టుకుని ఎక్కేసరికి రెండు రైళ్ళు పోయాయి. ఉప్పల్లో వరంగల్ బస్సు ఎక్కితే స్వరాజ్యం ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. సారయ్య డబ్బులిచ్చి కొనుక్కున్నాడు.

"రాణికి ఫ్రీ, సిపాయికి టికెట్," అంది స్వరాజ్యం కిటికీ పక్కన సర్దుకుంటూ. జనగామ దాటేసరికి చీమలు ఎక్కడి నుంచి ఎక్కాయో ఎక్కాయి. వాటిదీ జీరో టికెట్టే.

ఖిలా వరంగల్‌లో మొదట మట్టికోట వచ్చింది. స్వరాజ్యం ఆటో ఆపించి దిగింది. పొడుగ్గా ఒక కట్ట, దాని మీద గడ్డి, గడ్డి మీద మేకలు. ఇంత మట్టి ముందర అంత పెద్ద సైన్యం ఆగిపోయిందా! వంగి గుప్పెడు మట్టి తీసి నలిపి చూసింది. తన వంటింట్లో ఇన్నిసార్లు పడిన కోట ఇక్కడ మేకలు మేపుకుంటూ నిలబడే ఉంది.

లోపల రాతికోట దాటి నడిమధ్యకు పోతే ఆ నాలుగు ద్వారాలు. చుట్టూ అంతా పగిలిన రాళ్ళు, విరిగిన స్తంభాలు, ముక్కలైన ఏనుగులు. వాటి నడుమ నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, ఎవరొస్తారో రండి అన్నట్టు. గుడి పోయింది, గోడలు పోయాయి, రాజులు పోయారు. ద్వారాలు మాత్రం మేం పోమన్నాయి.

సారయ్య మూట దించి అటూ ఇటూ చూశాడు. "తలుపుల్లేవు."

"అందుకే నిన్ను తోలుకొచ్చిన. నీకు పని లేని ద్వారం ఒక్కటన్న చూడాలని."

అంతలో తోరణం వైపు నుంచి ఒక కుటుంబం నడిచొచ్చింది. నల్ల కళ్ళద్దాలు, మెడలో కెమెరా. సారయ్య నడుము తనంత తానే వంగింది. చెయ్యి సలాముకు లేచింది. స్వరాజ్యం ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"దించు! ఈడ నువ్వు కస్టమర్‌వి."

సారయ్య చెయ్యి దించాడు. కాసేపు ఏం చేయాలో తోచలేదు ఆ చేతికి. తర్వాత దాన్ని నడుము మీద పెట్టుకుని తోరణాన్ని చూస్తూ నిలబడ్డాడు, ఇల్లు కొనడానికి వచ్చినవాడిలా.

పక్కనే ఒంటిరాయి గుట్ట ఉంది. దాని మీద చిన్న గుడి కనబడగానే ఆయన మొహం వెలిగింది. "ఓ స్వరాజ్యం, గీ బెల్లం గా గుళ్ళె పెట్టేద్దామా? దేవుడు దేవుడే గద."

"సమ్మక్క పేరు మీద ఇచ్చింది ఇంకో దేవునికి ఇస్తవా? కొరియరోడు పక్కింట్ల ఇచ్చి పోయినట్టు!"

మూట మళ్ళీ భుజానికెక్కింది.

మరునాడు పొద్దున హనుమకొండ బస్టాండులో అసలు కొట్లాట జరిగింది. అటువైపు మేడారం పోయే బస్సు, ఇటువైపు ములుగు దాటి లక్నవరం మలుపు దగ్గర దించే బస్సు. సాయంత్రానికల్లా తిరుగు బస్సులో ఉండాలి, మర్నాడు ఇద్దరికీ డ్యూటీ. ఏదో ఒకటే చూడగలరు.

సారయ్య మేడారం బస్సు ముందర నిలబడి మొండికేశాడు. "దేవుని సొమ్ము మోస్తున్నమే. బస్తీల ముఖం చూపియ్యాల్నా వద్దా? ఒక్క దండం పెట్టి వచ్చేద్దాం."

"దండం పెట్టనని నేనన్ననా? ఇంట్ల రోజు దీపం పెట్టేది ఎవలు? సమ్మక్క కాడికి సుత పోతా, మొక్కుకుని పోతా. నువ్వు చెప్పిన అబద్ధాన్ని నిజం చేయనీకి మాత్రం పోను. ఆ తల్లి కాకతీయుల రాజుకే కప్పం కట్టనన్నది. నేను చిలకమ్మకు కట్టాల్నా?"

"గట్లంటవేందే..."

"నువ్వు పో. బెల్లం ఇచ్చి రా. నేను ఒక్కదాన్నే చెరువు చూసొస్త. సాయంత్రం ఈడనే కలుద్దాం."

అని ఆమె లక్నవరం వైపు బస్సెక్కి కూర్చుంది. ఇప్పటిదాకా ఒంటరిగా కూరగాయల మార్కెట్ దాటి పోయింది లేదు. ఆయన రాకపోయినా దిగకూడదనుకుని ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంది. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది. అప్పుడు తలుపు దగ్గర ఎవరో "భాయ్, ఆపు ఆపు!" అని అరిచారు. ముందు మూట లోపలికొచ్చింది. దాని వెనక సారయ్య వచ్చాడు. పక్కన కూలబడి చీమలు దులుపుకుంటూ, "రాణికి సిపాయి లేకుండ ఎట్ల?" అన్నాడు.

స్వరాజ్యం కిటికీ వైపు తిరిగింది. నవ్వు ఆయనకు కనబడకూడదని.

చెరువు ఒక్కసారిగా కనబడలేదు. చెట్లు, గుట్టలు, మళ్ళీ చెట్లు. ఆటో మలుపు తిరిగాక గుట్టల నడుమ దాక్కున్న నీళ్ళు బయటపడ్డాయి. చూపు ఆనినంత దూరం నీళ్ళే, మధ్యలో పచ్చటి లంకలు. స్వరాజ్యం గట్టు మీద చాలాసేపు అట్లాగే నిలబడింది. బిందె పట్టుకోకుండా నీళ్ళ ముందర నిలబడడం ఆమెకు అదే మొదలు. ఈ నీళ్ళు ఎప్పుడు బందవుతాయో అన్న తొందర లేదు. వెనక వరస లేదు. ఎవరూ తోయడం లేదు.

తర్వాత వంతెన ఎక్కారు. నిజంగానే ఊగింది. అడుగు వేస్తే ఇటు, ఇంకో అడుగు వేస్తే అటు. సరిగ్గా నడుమకు చేరేసరికి సారయ్య జేబులో ఫోన్ మోగింది. చిలకమ్మ వీడియో కాల్. ఆయన కంగారులో ఎత్తేశాడు.

"గద్దెలు చూపియ్యి సారయ్యా! అందరం కూసున్నం ఈడ!"

"అక్కా... సిగ్నల్ లేదక్కా..."

"నీ ముఖం అద్దంల లెక్క కనిపిస్తుంది, సిగ్నల్ లేదంటవేంది? వెనక గా నీళ్ళేంది? జంపన్న వాగా? గంత నిండుగున్నదా!"

మేడారం పోయినవాళ్ళు స్నానం చేసే వాగు అది. సారయ్య స్వరాజ్యం మొహం చూశాడు. ఒక్క 'ఆ' అంటే చాలు. బస్తీకి వాగు, వాళ్ళకు చెరువు, ఎవరి దండం వాళ్ళకు. ఆ ఒక్క అక్షరం స్వరాజ్యం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అది అంటే ఈ చెరువు మళ్ళీ ఎవరికో మొక్కు ఖాతాలోకి పోతుంది. ఇంత దూరం వచ్చి తాను దీన్ని చూడనట్టే. ఆమె ఫోన్ లాక్కుంది.

"వాగు గాదు అక్కా. లక్నవరం చెరువు. మేం మేడారం పోతలేం."

అవతల చిలకమ్మ చేతిలోని దండ జారి ఒళ్ళో పడింది.

"మరి మా బంగారం?"

స్వరాజ్యం ఫోన్ తిప్పి మూట చూపించింది. "గిదిగో. తెచ్చింది తెచ్చినట్టు తిరిగి తెస్తున్న. చీమలు తిన్న లెక్క మాత్రం నన్నడగకు."

"సిగ్గు లేదానే? దేవుని పేరు చెప్పి మొగడు పెండ్లాలు షికార్లు కొడ్తరా? గీ వయసులనా?"

"మరి ఏ వయసుల కొట్టాలె అక్కా? పడుచుగున్నప్పుడు నాకు పురసత్ లేకుండె. ముసలైనంక నా కాళ్ళకు ఓపిక ఉండదు. నడిమిట్ల గిదే దొరికింది."

"బస్తీకి రా నువ్వు. చెప్త నీ సంగతి."

"వస్త. నా ఇల్లు ఆడనే గద," అని స్వరాజ్యం ఫోన్ పెట్టేసింది. అవతలి లంక దాకా నడిచింది, తిరిగి నడిచింది, సరిపోక మళ్ళీ నడిచింది.

తిరుగు బస్సు ములుగు దగ్గర గట్టమ్మ గుడి ముందు ఆగింది. ఆ దారిన పోయే బండ్లన్నీ ఆగి దండం పెట్టుకునే చోటు. డ్రైవర్ కొబ్బరికాయ కొట్టడానికి దిగాడు. సారయ్య మూట తీసుకుని దిగాడు. స్వరాజ్యం కిటికీలోంచి చూస్తోంది. ఈ గుళ్ళో దించేసి, బస్తీలో ఏదో ఒక కథ అల్లుతాడు. ఆమెకు తెలుసు ఆయన సంగతి. ఇన్నేళ్ళ కాపురం. ఈసారి ఆపాలనిపించలేదు. ఆయన బెదురు కూడా తానే మోయాలా?

సారయ్య గుడి మెట్ల దగ్గర నిలబడ్డాడు. మూట దించాడు. దండం పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. హారన్ మోగింది. వంగి మూట మళ్ళీ నెత్తిన పెట్టుకుని బస్సెక్కాడు. ఉప్పల్ దాకా మూట ఒడిలోనే ఉంది.

సందు మలుపు తిరిగేసరికి బాగా పొద్దుపోయింది. చిలకమ్మ గడప నిండా జనం. అందరూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. దేవుని సొమ్మన్నారు, మోసమన్నారు, మూఢంలో పోతే బుద్ధి గిట్లనే అయితదన్నారు. స్వరాజ్యం నోరు తెరవబోయింది.

ధన్‌మని చప్పుడైంది. సారయ్య కాలు నేలకేసి కొట్టాడు, చేతిలో బల్లెం ఉన్నట్టే. మీసం లేదు, తలపాగా లేదు, మెడలో చిలకమ్మ వేసిన దండ వాడిపోయి వేలాడుతోంది.

"అబద్ధం ఆడింది నేను," అన్నాడు. "ఆమె గాదు. ఆమె మొదటి సంది కోట చూద్దాం, చెరువు చూద్దాం అనే అన్నది. చెప్పనీకి నాకు భయమైంది. ఇప్పుడు చెప్తున్న. షికారుకే పోయినం. నా పెండ్లాన్ని తీస్కొని పోయిన. కాదు, ఆమెనే నన్ను తీస్కొని పోయింది. ఎవల బెల్లం వాళ్ళు తీస్కోన్రి. మీ మొక్కు మీరే పోయి తీర్చుకోన్రి, తల్లి మీకోసం చూస్తది."

అని గడప మీద మూట దించి ముడి విప్పాడు. పసుపుగుడ్డ, లంగా ముక్క, టిఫిన్ డబ్బా, ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. గొణుక్కుంటూ తీసుకున్నారు, తిట్టుకుంటూ తీసుకున్నారు. ఒకావిడ తన ముద్ద చెవి దగ్గర పెట్టుకుని చీమల కోసం వింది. ఒక్కొక్కరే లోపలికి పోయారు. చివరికి గడప మీద చిలకమ్మ, ఎదురుగా వీళ్ళిద్దరూ మిగిలారు.

చిలకమ్మ దారం చేతిలోకి తీసుకుంది. పువ్వు గుచ్చింది. ఇంకో పువ్వు గుచ్చింది. తల ఎత్తకుండానే అడిగింది.

"గా వంతెన... నిజంగనే ఊగుతదా?"

"ఊగుతది అక్కా."

"పడరా?"

"పట్టుకుంటే పడరు."

"నువ్వేం పట్టుకున్నవ్?"

స్వరాజ్యం సారయ్య వైపు చూసింది. "గీన చెయ్యి పట్టుకుందామనుకున్న. రెండు చేతుల్ల మీ బెల్లమే ఉండె."

చిలకమ్మ మూతి బిగించింది. బిగించిన మూతి చివర ఏదో కదిలింది, కానీ దాన్ని అక్కడే ఆపేసింది. "అయితే మళ్ళ పోతరా ఏంది?"

"పోతం," అంది స్వరాజ్యం తాళం చెవి తీస్తూ. "ఈసారి మాత్రం ఎవ్వలూ ఏం ఇయ్యకున్రి."